మిద్దెతోట డ్రిప్ కంట్రోలర్: ఆర్డుయినో అప్‌గ్రేడ్ చేయాలా వద్దా అని తేల్చుకున్న తీరు

2025 ఏప్రిల్. హనుమకొండలో ఎండలు ముదిరాయి. మా మిద్దెతోటలో రోజుకి ఒక్కసారి, పొద్దున ఆరింటికి నేను చేసిన కంట్రోలర్ బోర్డు డ్రిప్ నడిపిస్తుంది. టమాటా మొక్కలు మధ్యాహ్నానికే వాడిపోతున్నాయి, సాయంత్రం ఇంకో తడి ఇయ్యమని అమ్మ అడిగింది. ప్రోగ్రామ్‌లో అది ఒక్క లైన్ మార్పు. మార్చి, కంపైల్ చేసి (అంటే చిప్‌కి అర్థమయ్యే రూపంలోకి తెచ్చి), బోర్డులోకి ఎక్కించి కిందికి దిగితే పది నిమిషాలు. ఆ పనికి నాకు మూడు సాయంత్రాలు పట్టింది. మధ్యలో రెండు పొద్దులు అమ్మ బకెట్‌తో మెట్లెక్కి కుండీలకి నీళ్లు పోసింది.

ఆ మూడు సాయంత్రాల్లో ఏం జరిగింది, తర్వాత నా దగ్గరున్న ప్రాజెక్టుల్లో దేన్ని అప్‌గ్రేడ్ చేశాను, దేన్ని ముట్టుకోలేదు, ఎందుకు అన్నది రాస్తున్నాను. నాలాగే ఇంట్లో రెండు మూడు పరికరాలు చేసి నడిపిస్తున్నవాళ్లకి పనికొస్తుందని.

పగలు నాది ఇన్‌స్ట్రుమెంటేషన్ మెయింటెనెన్స్ పని. సాయంత్రాలు, ఆదివారాలు మైక్రోకంట్రోలర్లతో, అంటే ప్రోగ్రామ్ ఎక్కిస్తే పనిచేసే చిన్న చిప్‌లతో, ఇంటికి కావాల్సినవి చేసుకుంటాను. అప్పటికి మూడు ప్రాజెక్టులున్నాయి.

మొదటిది ఓవర్‌హెడ్ ట్యాంక్ కంట్రోలర్. ఆర్డుయినో నానో అనే చిన్న బోర్డు, నీటిమట్టం చూసే అల్ట్రాసోనిక్ సెన్సర్, మోటార్‌ని ఆన్ ఆఫ్ చేసే రిలే. ట్యాంక్ నిండితే సంపు మోటార్ ఆగుతుంది, తగ్గితే నడుస్తుంది. 2019లో రాసిన ప్రోగ్రామ్, అప్పటినుంచి ఒక్క అక్షరం మారలేదు. నెట్ లేదు, వైఫై లేదు.

రెండోది ఈ డ్రిప్. వైఫై ఉన్న ఈఎస్‌పీ32 బోర్డు, కరెంటుతో తెరుచుకునే 12 వోల్టుల సోలెనాయిడ్ వాల్వ్, మోస్‌ఫెట్ (ఎలక్ట్రానిక్ స్విచ్) మీద నడిచే చిన్న పంపు, ఎన్ని లీటర్లు పోయాయో లెక్కపెట్టే వైఎఫ్-ఎస్201 ఫ్లో మీటర్. వాన సూచన ఉంటే ఆ పూట తడి ఆపడానికి రోజుకోసారి వాతావరణ సమాచారం నెట్ నుంచి తెచ్చుకుంటుంది. ఇది ప్రతి సీజన్‌కీ కాస్త మారుతూనే ఉంటుంది.

మూడోది ఇంకా పుట్టలేదు. బాబాయి మిర్చి తోటలో నేల తేమ చూసే బ్యాటరీ సెన్సర్. దానికోసం కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లినప్పుడు ఒక ఈఎస్‌పీ32-సీ6 బోర్డు తెచ్చి పెట్టుకున్నాను. గొడవంతా దానితోనే మొదలైంది.

సీ6 చిప్‌ని పాత బోర్డు ప్యాకేజీ గుర్తుపట్టదు. దానికి ఈఎస్‌పీ32 ఆర్డుయినో కోర్ (ఆ ప్యాకేజీ పేరే అది) 3వ వెర్షన్ కావాలి. నా దగ్గరున్నది ఆర్డుయినో ఐడీఈ (కోడ్ రాసి బోర్డులోకి ఎక్కించే సాఫ్ట్‌వేర్) 1.8.19, అందులో కోర్ 2. బీటెక్ చదువుతున్న మా తమ్ముడు ఆ వారం ఇంటికి వచ్చాడు. నా స్క్రీన్ చూసి, "అన్నా, ఇంకా 1.8 ఏంది? 2 వచ్చి రెండేండ్లు దాటె" అన్నాడు. వాడు అన్నదీ నిజమే. 1.8.19 వచ్చింది 2021 డిసెంబర్‌లో, ఆ వరసలో అదే ఆఖరు. ఐడీఈ 2 స్థిరమైన వెర్షన్‌గా 2022 సెప్టెంబర్‌లో వచ్చింది. ఎలాగూ కొత్త బోర్డు ఉంది కదా అని ఐడీఈ 2 దించుకుని వేశాను. పాతదాన్ని తీసేయలేదు. రెండూ పక్కపక్కనే ఉంటాయి, ఏదైనా తేడా వస్తే పాతదానికి వెళ్లొచ్చు అనుకున్నాను.

ఐడీఈ 2 తెరవగానే కింద మూలన ఒక చిన్న పెట్టె వచ్చింది: కొన్ని బోర్డులకీ, లైబ్రరీలకీ అప్‌డేట్లు ఉన్నాయి, అన్నీ ఇన్‌స్టాల్ చేయమంటారా అని. నొక్కాను. ఏవేవి మారుతున్నాయో చదవలేదు. డౌన్‌లోడ్ అయ్యేసరికి రాత్రి ఎనిమిదైంది. అప్పుడు డ్రిప్ ప్రోగ్రామ్ తెరిచి, సాయంత్రం తడి లైన్ చేర్చి కంపైల్ కొట్టాను. ఎర్ర అక్షరాలు వరసగా దిగాయి. లెడ్‌సీ సెటప్ అనే ఫంక్షన్ లేదు. లెడ్‌సీ అటాచ్ పిన్ లేదు. టైమర్ అలారం రైట్ లేదు. నిన్నటిదాకా నడిచిన ప్రోగ్రామ్.

సరే, పాతది ఉందిగా అని 1.8.19 తెరిచాను. అవే ఎర్రర్లు. ఒక్కటి తగ్గలేదు. నిజంగా టెన్షన్ పుట్టింది అప్పుడే, ఎందుకంటే వెనక్కి దారి ఉందనుకున్న చోట దారి లేదు.

మూడు పొరలు

తర్వాత అర్థమైంది ఇది. మనం "ఆర్డుయినో సాఫ్ట్‌వేర్" అని ఒక్క మాటలో అనేదాంట్లో మూడు వేర్వేరు పొరలున్నాయి. పైన ఐడీఈ, అంటే మనం కోడ్ రాసే కిటికీ. దాని కింద బోర్డు కోర్: ఆ చిప్‌కి సరిపోయే కంపైలర్, చిప్‌తో మాట్లాడే ఫంక్షన్లు అందులో ఉంటాయి. మూడోది లైబ్రరీలు, సెన్సర్లకీ, జేసన్ అనే రూపంలో వచ్చే సమాచారానికీ మనం తెచ్చి పెట్టుకునేవి. ఐడీఈ 1.8, ఐడీఈ 2 కిటికీలు వేరైనా, మామూలుగా ఇన్‌స్టాల్ చేస్తే రెండూ ఒకే ఆర్డుయినో15 ఫోల్డర్‌లోని కోర్‌నీ, ఒకే స్కెచ్‌బుక్‌లోని లైబ్రరీలనీ వాడతాయి. ఇంటికి రెండు తలుపులు పెట్టినంత మాత్రాన రెండు ఇళ్లు కావు. నేను ఐడీఈ 2 తలుపులోంచి వెళ్లి కోర్ మార్చేశాను, 1.8 తలుపు తీసినా కనపడేది ఆ మారిన కోరే.

నా ప్రోగ్రామ్‌ని ఆపింది ఐడీఈ కాదు, కోర్. 2024 మేలో వచ్చిన కోర్ 3.0.0 కింద ఉన్న పునాదే మారింది: 2.0 వరస ఈఎస్‌పీ-ఐడీఎఫ్ (చిప్ తయారీదారుల సొంత సాఫ్ట్‌వేర్ కిట్) 4.4 మీద నిలబడితే, 3.0 ఈఎస్‌పీ-ఐడీఎఫ్ 5.1 మీద నిలబడింది. దాంతో కొన్ని ఫంక్షన్ల పేర్లు, వాడే పద్ధతి మారాయి. ఏది దేనిగా మారిందో చెప్పే మైగ్రేషన్ గైడ్ తయారీదారులే ఇచ్చారు, స్పష్టంగా ఉంది కూడా. నేను దాన్ని ముందు చదవలేదు. తప్పు నాది.

ఆ రాత్రి చేసిన రెండో తప్పు దానికంటే పెద్దది. ఎర్రర్ వచ్చిన లైన్లని మాత్రమే ఒక్కొక్కటిగా సరిచేసుకుంటూ పోయాను. పాత పద్ధతిలో పంపు వేగాన్ని నియంత్రించడానికి మూడు మెట్లుండేవి: లెడ్‌సీ సెటప్‌తో ఒక ఛానల్ తయారుచేయడం, లెడ్‌సీ అటాచ్ పిన్‌తో దాన్ని పిన్‌కి కలపడం, లెడ్‌సీ రైట్‌తో ఆ ఛానల్‌కి విలువ ఇవ్వడం. కొత్తదాంట్లో మొదటి రెండూ కలిసి లెడ్‌సీ అటాచ్ అనే ఒక్కటే అయింది. అది మార్చాను. లెడ్‌సీ రైట్ లైన్ మీద ఎర్రర్ రాలేదు, కాబట్టి దాన్ని ముట్టుకోలేదు. కంపైల్ అయింది. పదకొండింటికి బోర్డులోకి ఎక్కించి పడుకున్నాను.

పొద్దున ఆరున్నరకి అమ్మ లేపింది. "ఏందిరా, మోటరు చప్పుడే రాలే. కుండీలల్ల మట్టి ఎండిపోయింది."

వాల్వ్ తెరుచుకుంది, టిక్కుమన్న శబ్దం విన్నానంది. పంపు మాత్రం తిరగలేదు. డ్యూటీకి వెళ్లాలి, డబ్బా విప్పే టైం లేదు. సాయంత్రం వచ్చాక బోర్డుని కిందికి తెచ్చి టేబుల్ మీద పెట్టాను. పంపుకి వెళ్లేది 25వ పిన్. ప్రోగ్రామ్‌లో విలువ 255కి 180. అంటే 3.3 వోల్టుల్లో ఆ మేరకు, మల్టీమీటర్‌లో సుమారు 2.3 వోల్టులు కనపడాలి. ప్రోబ్ పెట్టాను. సున్నా. వైర్ అనుకుని మార్చాను. సున్నా. పిన్ కాలిపోయిందేమో అనుకుని, దాన్ని మామూలు అవుట్‌పుట్‌గా పెట్టి హై చేస్తే 3.3 చూపించింది. పిన్ బాగానే ఉంది.

నా లైన్‌లో ఉన్నది "లెడ్‌సీ రైట్, 0, 180". పాత కోర్‌లో ఆ సున్నాకి అర్థం "సున్నా నంబర్ ఛానల్". కొత్త కోర్‌లో అదే చోట ఇవ్వాల్సింది పిన్ నంబర్. అంటే నా ప్రోగ్రామ్ 25వ పిన్‌ని సిద్ధం చేసి, విలువని మాత్రం 0వ పిన్‌కి పంపుతోంది. ఆ పిన్‌ని ఎవరూ సిద్ధం చేయలేదు కాబట్టి ఫంక్షన్ "కుదరలేదు" అని తిరిగి చెప్పి ఊరుకుంటుంది. ఆ జవాబుని నా కోడ్ చూడదు. కంపైలర్‌కి రెండూ అంకెలే, దానికి తేడా తెలియదు. 0 తీసి 25 పెట్టాను. మల్టీమీటర్ మీద 2.3 నిలబడింది.

పంపు తిరిగింది కదా, ఇక పైకి తీసుకెళ్లి పెట్టేయొచ్చు. పెట్టలేదు. ఎర్రర్ వచ్చే తప్పు మనల్ని ఆపుతుంది, సరిచేసుకుంటాం. ఎర్రర్ రాకుండా అర్థం మారిపోయిన లైన్లు ఇంకెన్ని ఉన్నాయో ఆ రాత్రి నేను చెప్పలేను. నీళ్ల పని చేసే పరికరం అది. వాల్వ్ మూయాల్సిన చోట మూయకపోతే సంపు మొత్తం మిద్దె మీదికి పోతుంది. రెండో పొద్దు కూడా అమ్మ బకెట్ పట్టుకుంది. నేను ఆఫీసుకి వెళ్తూ చేసిన నిర్ణయం: ముందు ఉన్న చోటికి పూర్తిగా వెనక్కి వెళ్లాలి.

మూడో సాయంత్రం అంతా దానికే పోయింది. వెనక్కి అంటే ఎక్కడికి? ముందున్న కోర్ ఏ వెర్షనో నేనెక్కడా రాసుకోలేదు. అదృష్టం కొద్దీ, జనవరిలో బయటి హార్డ్ డిస్క్‌లో పెట్టిన బ్యాకప్‌లో ఆర్డుయినో15 ఫోల్డర్ ఉంది. లోపల ఫోల్డర్ పేరే వెర్షన్ నంబర్: 2.0.17. ఆర్డుయినోజేసన్ లైబ్రరీ కూడా 6 నుంచి 7కి ఎక్కేసిందని అప్పుడే చూశాను. బోర్డ్స్ మేనేజర్‌లో 2.0.17 ఎంచుకుని వేసి, లైబ్రరీని వెనక్కి దించి, పాత ప్రోగ్రామ్‌లో సాయంత్రం తడి లైన్ ఒక్కటే చేర్చి ఎక్కించాను. నాలుగో రోజు పొద్దున ఆరింటికి మోటార్ చప్పుడు విన్నాకే మంచం దిగాను.

ఏది ఆపాను, ఏది కదిలించాను

సాఫ్ట్‌వేర్‌కి డబ్బు కట్టాల్సి వస్తే ఇంట్లో నాలుగు సార్లు లెక్క వేసుకుంటాం. ఇది ఉచితం కాబట్టి అసలు నిర్ణయమే అనిపించలేదు నాకు, ఒక బటన్ అనిపించింది. ఇప్పుడు లెక్క సాయంత్రాల్లో వేస్తున్నాను. దానికి తోడు, "ఆర్డుయినో అప్‌గ్రేడ్ చేయాలా" అని ఒక్క ప్రశ్న వేయడం మానేశాను. ప్రతి పరికరానికీ విడిగా, ప్రతి పొరకీ విడిగా అడుగుతున్నాను.

ట్యాంక్ కంట్రోలర్ గురించి ఎక్కువ ఆలోచించే పని లేదు. దాని పని పూర్తయింది. బయటి ప్రపంచంతో మాట్లాడదు, కాబట్టి భద్రతా కారణం లేదు. కొత్త కోర్ దానికి ఇచ్చేది ఏమీ లేదు. దానికి చేసింది ఒక్కటే: కంపైల్ అయిన హెక్స్ ఫైల్‌ని ఎక్స్‌పోర్ట్ చేసి దాచాను. బోర్డు పోతే కొత్త నానోలోకి ఆ ఫైల్‌ని నేరుగా ఎక్కించొచ్చు, మళ్లీ కంపైల్ చేసే అవసరమే రాదు. పక్కనే ఒక చీటీ కూడా పెట్టాను, ఐడీఈ ప్రాసెసర్ మెనూలో "ఓల్డ్ బూట్‌లోడర్" ఎంచుకోవాలని (బూట్‌లోడర్ అంటే బోర్డులో ముందే ఉండి, కొత్త ప్రోగ్రామ్‌ని లోపలికి తీసుకునే చిన్న ప్రోగ్రామ్). చౌక నానో బోర్డుల్లో చాలావాటికి అది ఎంచుకోకపోతే అప్‌లోడ్ కాదు, బోర్డే పాడైందనుకుని పారేస్తాం.

మిర్చి తోట సెన్సర్ విషయంలోనూ సందేహం లేదు. సీ6 అంటేనే కోర్ 3. కొత్తగా రాసే ప్రోగ్రామ్ కాబట్టి మొదటి రోజు నుంచే కొత్త పద్ధతిలో రాస్తాను.

కష్టమైంది డ్రిప్. అది పూర్తయిన వస్తువు కాదు, ఏటా మారుతుంది. పైగా నెట్‌తో మాట్లాడుతుంది. నెట్‌తో మాట్లాడేదాన్ని శాశ్వతంగా గడ్డకట్టించి పెట్టలేం. 2021 సెప్టెంబర్ 30న డీఎస్‌టీ రూట్ సీఏ ఎక్స్3 అనే రూట్ సర్టిఫికెట్ (వెబ్‌సైట్ అసలైనదేనని నమ్మడానికి మూలమైన ధ్రువపత్రం) గడువు తీరినప్పుడు, దాని మీదే ఆధారపడిన పాత పరికరాలు చాలా చోట్ల సురక్షిత కనెక్షన్ కుదరక ఆగిపోయాయి. కోడ్‌లో సర్టిఫికెట్ రాసిపెట్టుకున్న నా పరికరానికీ ఏదో ఒక రోజు అలాంటి గడువు వస్తుంది. ఆ రోజు హడావిడిగా కోర్ మార్చడం కంటే ముందే, నా టైం ప్రకారం మార్చడం మేలు. కానీ ఏప్రిల్‌లో కాదు. మొక్కకి నీళ్లు అత్యవసరమైన నెలలో నీళ్లిచ్చే పరికరాన్ని విప్పకూడదు. ఆగస్టులో వానలకి డ్రిప్ ఎలాగూ ఖాళీగా ఉంటుంది. మార్పు అప్పుడే అని క్యాలెండర్ మీద రాసేశాను.

అప్పటిదాకా రెండు వెర్షన్లూ నాకు కావాలి, ఒకదాన్నొకటి ముట్టుకోకుండా. దీనికి 1.8లో ఉన్న ఒక సౌకర్యం బాగా పనికొచ్చింది. 1.8.19 జిప్ ఫైల్‌ని విప్పి, ఆ ఫోల్డర్ లోపల "పోర్టబుల్" అనే పేరుతో ఖాళీ ఫోల్డర్ పెడితే, ఆ ఐడీఈ తన కోర్‌లు, లైబ్రరీలు, స్కెచ్‌లు అన్నీ అందులోనే పెట్టుకుంటుంది. ఆర్డుయినో15 వైపు చూడదు. అందులో కోర్ 2.0.17, పాత లైబ్రరీలు వేసి, ఫోల్డర్ మొత్తాన్ని బయటి డిస్క్‌లోకి కూడా కాపీ చేశాను. ఐడీఈ 2కి ఈ పోర్టబుల్ పద్ధతి లేదు. కాబట్టి గడ్డకట్టించాల్సింది 1.8లో, కదిలేది 2లో. ఇంకో కారణం కూడా ఉంది: డ్రిప్ కంట్రోలర్ చూపించే వెబ్ పేజీ ఫైళ్లని బోర్డులోకి పంపే నా ప్లగిన్ జావాలో రాసింది, 1.8లోనే నడుస్తుంది. ఐడీఈ 2 కోసం ఆ పని చేసే ప్లగిన్ వేరేగా దొరుకుతుంది, కానీ అది వేరే తరహాలో వేసుకోవాలి.

ఐడీఈ 2 గురించి న్యాయంగా చెప్పాలంటే, కోడ్ రాసేటప్పుడు అది నిజంగా హాయిగా ఉంటుంది. ఫంక్షన్ పేరు సగం కొడితే మిగతాది చూపిస్తుంది, ఒక పేరు మీద నొక్కితే అది ఎక్కడ రాసుందో అక్కడికి తీసుకెళ్తుంది. లెడ్‌సీ రైట్ అడిగేది ఛానలా పిన్నా అన్నది ఆ సౌకర్యంతోనే రెండు క్షణాల్లో తెలిసిపోయేది. నా 4 జీబీ ల్యాప్‌టాప్ మీద మాత్రం బరువుగా నడుస్తుంది. బ్రౌజర్ మూసేసి గాని దాన్ని తెరవను. 32-బిట్ విండోస్ ఉన్నవాళ్లకైతే ఆ ప్రశ్నే లేదు, దానికి 64-బిట్ విండోస్ 10 గానీ, ఆ పై వెర్షన్ గానీ కావాలి.

ఆగస్టులో

ముందు ఇంకో ఈఎస్‌పీ32 బోర్డు కొన్నాను. మిద్దె మీద నడుస్తున్నదాన్ని ముట్టుకోకుండా, దాని కవలని టేబుల్ మీద కట్టాను: అదే పంపు రకం, అదే ఫ్లో మీటర్, వాల్వ్ బదులు ఒక ఎల్‌ఈడీ. ఈసారి మైగ్రేషన్ గైడ్‌ని మొదటి నుంచి చివరిదాకా చదివాను. ఎర్రర్ల వెంట పరిగెత్తకుండా, నా ప్రోగ్రామ్‌లో లెడ్‌సీ, టైమర్ అనే మాటలు ఎక్కడున్నా వెతికి, ప్రతి లైన్‌నీ గైడ్‌తో పోల్చి మార్చాను.

టైమర్ దగ్గర మళ్లీ ఒక గుంట ఉంది. పాత పద్ధతిలో టైమర్ బిగిన్‌కి 80 అని ఇచ్చేవాణ్ని: 80 మెగాహెర్ట్జ్ క్లాక్‌ని 80తో భాగిస్తే సెకనుకి పది లక్షల టిక్కులు. కొత్తదాంట్లో భాగించే అంకె ఇవ్వకూడదు, కావాల్సిన ఫ్రీక్వెన్సీనే నేరుగా ఇవ్వాలి, అంటే పది లక్షలు. ఏప్రిల్ రాత్రి తొందరలో అదెలా మార్చానో ఇప్పుడు తీసి చూస్తే, 80ని అలాగే ఉంచేశాను. రెండో రాత్రి ఆ ప్రోగ్రామ్‌ని మళ్లీ పైకి పంపకుండా ఆపింది సరైన పనే.

పరీక్ష కోసం 20 లీటర్ల నీళ్ల క్యాన్ తీసుకున్నాను. వైఎఫ్-ఎస్201 లీటరుకి సుమారు 450 పల్స్‌లు ఇస్తుంది, అంటే క్యాన్ ఖాళీ అయ్యేసరికి 9,000 దగ్గర రావాలి. పాత ప్రోగ్రామ్‌తో మూడుసార్లు, కొత్తదాంతో మూడుసార్లు అదే క్యాన్ నింపి పంపు చేశాను. అమ్మ వచ్చి, "నీళ్లన్నీ ఇటు పోసి అటు తోడుతున్నవ్, ఏం ఆట ఇది" అంది. రెండు వెర్షన్ల లెక్కా ఒకే చోట పడింది. వారం రోజులు టేబుల్ మీదే నడిపించాను. వాన సూచన వచ్చిన రోజు ఎల్‌ఈడీ వెలగలేదు, రాని రోజు వెలిగింది.

ఒక్క విషయం గమనించాలి. కొత్త కోర్‌తో ప్రోగ్రామ్ సైజు బాగా పెరిగింది. ఈఎస్‌పీ32 డీఫాల్ట్ పార్టిషన్‌లో (మెమరీని గదులుగా పంచే పద్ధతిలో) ప్రోగ్రామ్‌కి ఉండే చోటు 13,10,720 బైట్లు. అలాంటివి రెండు గదులుంటాయి, వైఫై ద్వారా అప్‌డేట్ చేసినప్పుడు ఒకదాంట్లో పాతది నడుస్తుంటే ఇంకోదాంట్లోకి కొత్తది దిగుతుంది. నాది ఇంకా ఆ గదిలో పడుతోంది. కానీ ఇప్పటికే నిండుగా ఉన్న ప్రోగ్రామ్ అయితే కోర్ మార్చగానే పట్టకపోవచ్చు. ఆ శాతం ముందే చూసుకోండి.

వెర్షన్లు రాసుకోకపోవడం అనే పాత తప్పుకి కూడా మందు దొరికింది. ఆర్డుయినో సీఎల్ఐ (కమాండ్ లైన్‌లో నడిచే ఆర్డుయినో సాఫ్ట్‌వేర్) వాడితే ప్రాజెక్టు ఫోల్డర్‌లోనే స్కెచ్ డాట్ యామల్ అనే ఫైల్‌లో, ఈ ప్రాజెక్టుకి ఈ కోర్, ఈ లైబ్రరీ, ఈ వెర్షన్ అని రాసిపెట్టొచ్చు. ఆ ప్రొఫైల్‌తో కంపైల్ చేస్తే సరిగ్గా వాటినే తెచ్చుకుంటుంది, మిషన్‌లో ఇంకేవి ఉన్నా పట్టించుకోదు. కమాండ్ లైన్ అంటే మొదట బెరుకుగా అనిపించింది, రెండు రోజుల్లో అలవాటైంది. కొత్త డ్రిప్ ప్రోగ్రామ్‌కి అదే వాడుతున్నాను.

ఆగస్టు చివరి ఆదివారం పాత బోర్డు తీసి కొత్తది పెట్టాను. పాతదాన్ని చెరపలేదు, కవర్‌లో పెట్టి, మీద "2.0.17, నడిచేది" అని రాసి అదే డబ్బాలో అడుగున పెట్టాను. ఎప్పుడైనా కొత్తది మొరాయిస్తే నేను ఊళ్లో లేకపోయినా తమ్ముడు ఐదు నిమిషాల్లో బోర్డు మార్చేయగలడు.

ఆర్డుయినోజేసన్‌ని మాత్రం ఇంకా 6లోనే ఉంచాను. 7కి మారడం కష్టమేమీ కాదు, పాత పద్ధతిలో రాసిన కోడ్ కూడా హెచ్చరికలతో కంపైల్ అవుతుంది. కానీ 7 తీసుకునే చోటు ఎక్కువ, నాకు దాంతో ప్రస్తుతానికి పని లేదు. మిర్చి తోట సెన్సర్‌లో 7నే వాడుతున్నాను. అక్కడ దాని తీరు చూశాక వచ్చే ఆగస్టులో డ్రిప్ సంగతి.